వైటీ-డీఎల్‌పీతో వీడియోలు డౌన్‌లోడ్ చేసుకోవడం: ఇన్‌స్టాల్ నుంచి కాన్ఫిగ్ ఫైల్ దాకా

వీడియో డౌన్‌లోడ్ కావాలంటే చాలామంది చేసేది ఒకటే, గూగుల్‌లో వెతికి కనపడిన వెబ్‌సైట్ ఏదో ఓపెన్ చేసి లింక్ పేస్ట్ చేస్తారు, అక్కడ డౌన్‌లోడ్ అని నాలుగు బటన్లు, అందులో మూడు యాడ్స్, నాలుగోది నొక్కితే ఇంకో ట్యాబ్ తెరుచుకుని నోటిఫికేషన్లు అలో చెయ్యమంటుంది. ఇంతా చేస్తే చేతికొచ్చేది 360పీ. దానికంటే టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, ఒక్క లైన్ కొట్టడం చాలా నయం, యాడ్స్ ఉండవు, క్వాలిటీ మనమే చెప్పొచ్చు, మధ్యలో నెట్ పోయినా మళ్ళీ అదే కమాండ్ కొడితే ఆగిన దగ్గర్నుంచి వస్తుంది.

ఆ టూల్ పేరు వైటీ-డీఎల్‌పీ. దీని తాత యూట్యూబ్-డీఎల్, 2006 నుంచి ఉంది. 2020 అక్టోబర్‌లో అమెరికా మ్యూజిక్ కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ నోటీసు పంపితే, కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్ దాన్ని తీసేసింది, తర్వాత డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్ఎఫ్ లాయర్లు రంగంలోకి దిగితే నవంబర్‌లో మళ్ళీ పెట్టేసింది. 2021 నుంచి దాని కోడ్ మీదే పెరుగుతూ వచ్చిన ఫోర్క్, అంటే విడిగా చీలిన వెర్షన్, ఈ వైటీ-డీఎల్‌పీ. ఇప్పుడు వాడాల్సింది ఇదే, పాత బ్లాగుల్లో యూట్యూబ్-డీఎల్ అని కనిపిస్తే పక్కన పెట్టేయండి. పేరులో వైటీ అంటే యూట్యూబే కదా అని దానికొక్కదానికే అనుకోవద్దు, వందల సైట్లకి పనిచేస్తుంది.

ఒక మాట ముందే చెప్పేస్తా. యూట్యూబ్ రూల్స్ ప్రకారం వాళ్ళు డౌన్‌లోడ్ బటన్ ఇచ్చిన చోట, లేదా పర్మిషన్ ఉన్న చోట తప్ప డౌన్‌లోడ్ చెయ్యకూడదు. మీరు అప్‌లోడ్ చేసినవి, క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఉన్నవి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పబ్లిక్ డొమైన్‌వి, మీ కాలేజీ వాళ్ళు దాచుకోమని పర్మిషన్ ఇచ్చిన లెక్చర్లు, ఇలాంటివాటికి వాడుకోండి. నెట్‌ఫ్లిక్స్ లాంటి డీఆర్ఎం (కాపీ కాకుండా వేసే తాళం) ఉన్న సైట్లు దీంతో రావు, రప్పించే ఆప్షన్ కూడా లేదు, వెతికి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు.

ఇంకోటి, కమాండ్లు ఇక్కడ పలికినట్టు తెలుగులోనే రాస్తున్నా, మీరు టైప్ చేసేది మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లో, అన్నీ చిన్న అక్షరాలే, పెద్దది కావాల్సిన చోట నేనే చెప్తా. రెండు హైఫన్లు కనిపిస్తే రెండూ కొట్టాలి. కోట్స్ కనిపిస్తే అవి కూడా కమాండ్‌లో భాగమే.

స్టెప్ 1: ఇన్‌స్టాల్

విండోస్‌లో పవర్‌షెల్ ఓపెన్ చేసి ఇది కొట్టండి:

వింగెట్ ఇన్‌స్టాల్ వైటీ-డీఎల్‌పీ

మ్యాక్‌లో హోమ్‌బ్రూ అనే ఇన్‌స్టాలర్ ఉంటే బ్రూ ఇన్‌స్టాల్ వైటీ-డీఎల్‌పీ. లైనక్స్‌లో ఏపీటీతో కూడా వస్తుంది గానీ వద్దు, ఉబుంటు, డెబియన్ రిపోల్లో ఉండేది చాలాసార్లు నెలల పాతది, ఈ టూల్ విషయంలో నెలల పాతది అంటే పనిచెయ్యనిది అనే అర్థం. పైథాన్ ప్రోగ్రామ్‌లు ఎక్కించే పిప్ఎక్స్‌తో పెట్టుకోండి, లేదా గిట్‌హబ్ రిలీజెస్ పేజీలో ఉండే రెడీమేడ్ ఫైల్ దింపుకుని ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చేయండి. ఆండ్రాయిడ్‌లో అయితే టెర్మక్స్ యాప్, అది ప్లే స్టోర్‌లోది కాకుండా ఎఫ్-డ్రాయిడ్‌లోది తీసుకోండి, అందులో పీకేజీ కమాండ్‌తో పైథాన్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ పెట్టుకుని పిప్‌తో వైటీ-డీఎల్‌పీ ఎక్కించాలి, టెర్మక్స్-సెటప్-స్టోరేజ్ అని ఒకసారి కొడితే ఫోన్ ఫోల్డర్లలోకి సేవ్ చేసుకునే పర్మిషన్ వస్తుంది.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ లేకుండా మొదలెట్టొద్దు. వింగెట్‌తో పెడితే దాంతోపాటే వచ్చేస్తుంది, మిగతా చోట్ల విడిగా పెట్టుకోవాలి. ఎందుకు కావాలో స్టెప్ 3లో తెలుస్తుంది.

మూడోది కొత్తగా వచ్చిన తలనొప్పి. 2025 నవంబర్ వెర్షన్ నుంచి యూట్యూబ్ వీడియోలు పూర్తిగా రావాలంటే జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్ ఒకటి మెషీన్‌లో ఉండాలి. యూట్యూబ్ ప్లేయర్ కోడ్‌లో చిక్కుముళ్ళు పెడుతోంది, వాటిని విప్పడానికి ఇంతకుముందు వైటీ-డీఎల్‌పీలోనే ఉన్న చిన్న ఇంటర్‌ప్రెటర్ సరిపోయేది, ఇప్పుడు సరిపోవట్లేదు. వాళ్ళు రికమెండ్ చేసేది డీనో, అది పెట్టుకుంటే ఇంకేం చెప్పక్కర్లేదు, టూలే కనిపెట్టుకుంటుంది. మీ దగ్గర ఆల్రెడీ నోడ్ ఉంటే, కొత్త వెర్షనే అయితే, --జేఎస్-రన్‌టైమ్స్ నోడ్ అని కమాండ్‌లో చెప్పాలి. పిప్‌తో పెట్టుకునేవాళ్ళు పేరు పక్కన స్క్వేర్ బ్రాకెట్లలో డిఫాల్ట్ అని కూడా రాయండి, వైటీ-డీఎల్‌పీ[డిఫాల్ట్] అని, అప్పుడే దీనికి కావాల్సిన మిగతా ప్యాకేజీలు కూడా దిగుతాయి.

అన్నీ అయ్యాక వైటీ-డీఎల్‌పీ --వెర్షన్ కొట్టండి. తేదీలా ఒక నంబర్ వస్తుంది, అది నిజంగానే రిలీజ్ తేదీ, సంవత్సరం నెల రోజు.

స్టెప్ 2: మొదటి డౌన్‌లోడ్, కోట్స్ గొడవ

వైటీ-డీఎల్‌పీ "లింక్"

అంతే. టెర్మినల్ ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ ఫోల్డర్‌లో వీడియో పడుతుంది, ఉన్నవాటిలో బెస్ట్ క్వాలిటీ.

కొత్తవాళ్ళు ఇరుక్కునేది ఇక్కడే, లింక్‌కి కోట్స్ పెట్టరు. యూట్యూబ్ లింక్‌లో క్వశ్చన్ మార్క్ ఉంటుంది, ప్లేలిస్ట్ లోంచి కాపీ చేస్తే & గుర్తు కూడా ఉంటుంది. లైనక్స్ బాష్‌లో & అంటే ముందున్న కమాండ్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టు అని అర్థం, అంటే లింక్ సగానికి తెగిపోతుంది, మిగతా సగం వేరే కమాండ్ అనుకుంటుంది. మ్యాక్‌లో ఉండే జెడ్‌షెల్ అయితే క్వశ్చన్ మార్క్ చూసి నో మ్యాచెస్ ఫౌండ్ అని మొహం మీదే చెప్పేస్తుంది. చూసినవాళ్ళు టూల్ పాడైంది అనుకుంటారు, టూల్ దాకా వెళ్ళనే లేదు అది. కోట్స్ పెడితే ఈ గొడవే లేదు, విండోస్ సీఎండీలో డబుల్ కోట్సే పెట్టండి, సింగిల్ అక్కడ పనిచెయ్యవు.

ఆ & తర్వాత లిస్ట్ అని ఉంటే ఇంకో సంగతి, మీరు ఒక్క వీడియో అనుకుంటారు, అది ప్లేలిస్ట్ మొత్తం దింపడం మొదలెడుతుంది. --నో-ప్లేలిస్ట్ అని పెట్టండి, లేదా లింక్‌లో & నుంచి చివరిదాకా చెరిపేయండి.

స్టెప్ 3: ఫార్మాట్లు, అసలు విషయం అంతా ఇక్కడే

ఈ టూల్‌కి ఆప్షన్లు వందల్లో ఉన్నాయి, అవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. వీడియో సర్వర్‌లో ఎలా ఉంటుందో అర్థమైతే ఏ ఆప్షన్ ఎందుకో దానంతట అదే తెలుస్తుంది. ఇది చూడండి:

వైటీ-డీఎల్‌పీ --లిస్ట్-ఫార్మాట్స్ "లింక్"

షార్ట్‌గా ఒక హైఫన్, పెద్ద ఎఫ్. ఇది ఏమీ డౌన్‌లోడ్ చెయ్యదు, ఒక టేబుల్ చూపిస్తుంది. ఎడమ పక్క ఐడీ, తర్వాత ఎక్స్‌టెన్షన్, రెజల్యూషన్, ఎఫ్‌పీఎస్, ఫైల్ సైజ్, కోడెక్ (వీడియోని ఏ పద్ధతిలో కుదించారో దాని పేరు). చాలా లైన్లలో వీడియో ఓన్లీ అనో ఆడియో ఓన్లీ అనో రాసి ఉంటుంది. అంటే బొమ్మ ఒక ఫైల్, సౌండ్ ఇంకో ఫైల్. యూట్యూబ్‌లో 1080పీ వీడియో అన్నది మామూలుగా ఒకే ఫైల్‌గా ఉండదు, ప్లేయర్ రెండూ విడివిడిగా తెచ్చుకుని కలిపి ఆడిస్తుంది. రెండూ కలిసి ఉండే పాతకాలం ఫార్మాట్ ఒకటి ఉంది, ఐడీ 18, అది 360పీ. యాడ్స్ వెబ్‌సైట్ల దగ్గర 360పీ దొరకడానికి కారణం చాలావరకు ఇదే, కలిపే పని లేకుండా దొరికేది ఎక్కువగా అదే.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ పని కూడా ఇదే, బొమ్మనీ సౌండ్‌నీ ఒక ఫైల్‌లోకి కలపడం. అది లేకపోతే వైటీ-డీఎల్‌పీ వార్నింగ్ ఇచ్చి, కలపక్కర్లేని ఫార్మాట్‌తో సరిపెట్టుకుంటుంది. వీడియో మసకగా వచ్చింది అని కంప్లైంట్ చేసేవాళ్ళలో చాలామంది ఆ వార్నింగ్ లైన్ చదవనివాళ్ళే.

టేబుల్ లోంచి మనమే ఏరుకోవచ్చు:

వైటీ-డీఎల్‌పీ --ఫార్మాట్ 137+140 "లింక్"

137 అంటే 1080పీ హెచ్264 వీడియో, 140 అంటే 128 కేబీపీఎస్ ఏఏసీ ఆడియో, ఎక్కువ యూట్యూబ్ వీడియోలకి ఈ నంబర్లు ఉంటాయి. కానీ అన్నిటికీ ఉండవు, లేకపోతే రిక్వెస్టెడ్ ఫార్మాట్ ఈజ్ నాట్ అవైలబుల్ అని ఆగిపోతుంది. అందుకే నంబర్లు అలవాటు చేసుకోవద్దు, నా ఓటు సార్టింగ్‌కే:

వైటీ-డీఎల్‌పీ --ఫార్మాట్-సార్ట్ "రెస్:720" "లింక్"

షార్ట్‌గా హైఫన్ పెద్ద ఎస్. రెస్ అంటే ఆర్ ఈ ఎస్, మూడక్షరాలే. దీని అర్థం 720పీకి మించకుండా ఉన్నదాంట్లో బెస్ట్ ఇవ్వు, అది లేకపోతే దానికి దగ్గర్లో ఉన్నది ఇవ్వు. ఫలానాదే కావాలి అని ఫిల్టర్ పెడితే దొరకనప్పుడు ఎర్రర్, సార్ట్ పెడితే దొరకనప్పుడు కూడా ఏదో ఒకటి చేతికొస్తుంది, డేటా మిగుల్చుకోవాలనుకునే మామూలు మనిషికి కావాల్సింది ఇదే కదా.

ఇంకో రకం కష్టం ఉంది, ల్యాప్‌టాప్‌లో బాగానే ఆడుతుంది, పెన్‌డ్రైవ్‌లో వేసి పాత టీవీకి పెడితే సౌండ్ ఒక్కటే వస్తుంది, లేదా అన్‌సపోర్టెడ్ అంటుంది. డిఫాల్ట్‌గా బెస్ట్ అంటే టూల్ ఎక్కువగా ఏవీ1 లేదా వీపీ9 కోడెక్ ఎంచుకుంటుంది, పాత టీవీలకి వాటి సంగతి తెలీదు. దానికి:

వైటీ-డీఎల్‌పీ --ఫార్మాట్-సార్ట్ "వీకోడెక్:హెచ్264,రెస్:1080,ఏకోడెక్:ఏఏసీ" "లింక్"

కొత్త వెర్షన్లలో ఇంత టైప్ చెయ్యకుండా హైఫన్ చిన్న టీ, స్పేస్, ఎంపీ4 అంటే దాదాపు ఇదే జరుగుతుంది, కంటైనర్, అంటే బయటి ఫైల్ రకం, కూడా ఎంపీ4 అవుతుంది. యూట్యూబ్ హెచ్264ని 1080పీ దాకే ఇస్తుంది, 4కే కావాలంటే వీపీ9, ఏవీ1 తప్పవు. ఫైల్ పేరు చివర వెబ్ఎం తీసేసి ఎంపీ4 అని మార్చేస్తే అయిపోతుందని కొందరు చెప్తుంటారు, పేరు మారుతుంది, లోపల కోడెక్ అదే.

స్టెప్ 4: ఆడియో ఒక్కటే కావాలంటే

వైటీ-డీఎల్‌పీ --ఎక్స్‌ట్రాక్ట్-ఆడియో "లింక్"

షార్ట్‌గా హైఫన్ చిన్న ఎక్స్. ఎంపీ3నే కావాలంటే --ఆడియో-ఫార్మాట్ ఎంపీ3 కలపండి. కానీ నిజంగా కావాలా అని ఒకసారి అడుక్కోండి, ఎందుకంటే యూట్యూబ్‌లో ఎంపీ3 అనేదే లేదు, ఉన్నవి ఓపస్, ఏఏసీ, రెండూ ఆల్రెడీ కుదించినవి, వాటిని విప్పి మళ్ళీ ఎంపీ3గా కుదిస్తే క్వాలిటీ ఇంకొంచెం పోతుంది. 320 కేబీపీఎస్ ఎంపీ3 ఇస్తాం అనే సైట్లన్నీ చేసేది 128నో 160నో తీసుకుని పెద్ద డబ్బాలో పెట్టడమే. ఫోన్లు ఎం4ఏ, ఓపస్ చక్కగా ప్లే చేస్తాయి. పాత కార్ స్టీరియో ఎంపీ3 తప్ప ఇంకేదీ తీసుకోదు అంటే అప్పుడు మార్చుకోండి.

స్టెప్ 5: ఫైల్ పేర్లు, తెలుగు టైటిల్ చిక్కు

మామూలుగా ఫైల్ పేరు టైటిల్, పక్కన స్క్వేర్ బ్రాకెట్లలో వీడియో ఐడీ అని వస్తుంది. ఐడీని తీసెయ్యొద్దు, ఒకే టైటిల్‌తో రెండు వీడియోలుంటే కాపాడేది అదే, పైగా రేపు ఒరిజినల్ లింక్ కావాలన్నా దాంతోనే దొరుకుతుంది.

తెలుగు టైటిల్స్‌కి ఒక ప్రత్యేకమైన ఎర్రర్ ఉంది, ఇంగ్లీష్ గైడ్లలో దీని గురించి పెద్దగా కనపడదు. లైనక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో ఫైల్ పేరుకి 255 బైట్ల లిమిట్ ఉంటుంది. ఇంగ్లీష్ అక్షరానికి ఒక బైట్, అదే యూటీఎఫ్-8లో తెలుగుకి ఒక్కో కోడ్‌కి మూడు బైట్లు. స్త్రీ అన్న ఒక్క అక్షరమే తీసుకోండి, స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు కోడ్లు, 18 బైట్లు. యూట్యూబ్ టైటిల్‌కి 100 క్యారెక్టర్ల దాకా ఒప్పుకుంటుంది, అంటే నిండా తెలుగులో ఉన్న పెద్ద టైటిల్ 300 బైట్లకి దగ్గరగా పోతుంది, దానికి ఐడీ, ఎక్స్‌టెన్షన్ తోడు, ఫైల్ నేమ్ టూ లాంగ్ అని ఆగిపోతుంది. మందు ఇది:

వైటీ-డీఎల్‌పీ --అవుట్‌పుట్ "%(టైటిల్).150బీ [%(ఐడీ)ఎస్].%(ఎక్స్‌ట్)ఎస్" "లింక్"

150 తర్వాత బీ పెద్దక్షరం, మిగతా ఎస్‌లు చిన్నవి. ఎక్స్‌ట్ అంటే ఈ ఎక్స్ టీ. టైటిల్‌ని 150 బైట్ల దగ్గర కత్తిరించు అని అర్థం, తెలుగులో 50 కోడ్లు వస్తాయి, ఏ వీడియోనో గుర్తుపట్టడానికి చాలు. --రిస్ట్రిక్ట్-ఫైల్‌నేమ్స్ పెట్టమని కూడా కొందరంటారు, తెలుగు టైటిల్‌కి అది పెట్టొద్దు, ఇంగ్లీష్ కాని అక్షరాలన్నీ పోయి కింది గీతలు మిగులుతాయి.

ఎక్కడ సేవ్ అవ్వాలో --పాత్స్ తర్వాత ఫోల్డర్ పేరిచ్చి చెప్పొచ్చు. విండోస్‌లో ఈ కమాండ్‌ని బ్యాచ్ ఫైల్‌లో పెట్టుకుంటే ప్రతి % గుర్తునీ రెండుసార్లు రాయాలి.

స్టెప్ 6: ప్లేలిస్ట్‌లు, ఛానెల్స్

ప్లేలిస్ట్ లింక్ ఇస్తే మొత్తం వస్తుంది. మొదటి పదే కావాలంటే --ప్లేలిస్ట్-ఐటెమ్స్ 1:10. పేరు ముందు %(ప్లేలిస్ట్_ఇండెక్స్)03డీ అని పెడితే 001, 002 అని వరుసగా వస్తాయి, లెక్చర్ సిరీస్‌కి ఇది లేకపోతే ఏది ముందో ఏది తర్వాతో తెలీక చస్తాం.

ఇందులో అసలు రత్నం --డౌన్‌లోడ్-ఆర్కైవ్. దాని తర్వాత ఒక టెక్స్ట్ ఫైల్ పేరివ్వండి, దిగిన ప్రతి వీడియో ఐడీ అందులో రాసుకుంటుంది. వారం తర్వాత అదే కమాండ్ మళ్ళీ కొడితే ఉన్నవి వదిలేసి కొత్తగా వచ్చినవే దింపుతుంది, మీరు పాత వీడియోలు చూసి డిలీట్ చేసేసినా మళ్ళీ దింపదు.

వందల వీడియోలు ఒకేసారి లాగితే సర్వర్ కొంతసేపు మిమ్మల్ని ఆపేసే ఛాన్స్ ఉంది. హైఫన్ టీ, స్పేస్, స్లీప్ అని పెట్టండి, వీడియోకీ వీడియోకీ మధ్య 10 నుంచి 20 సెకన్లు ఆగుతుంది. రాత్రి పెట్టి పడుకునే పనికి తొందరేముంది.

స్టెప్ 7: సబ్‌టైటిల్స్, మధ్యలో ముక్క

ముందు --లిస్ట్-సబ్స్ కొట్టి ఏం ఉన్నాయో చూడండి. తెలుగు కోడ్ టీ ఈ.

వైటీ-డీఎల్‌పీ --రైట్-సబ్స్ --సబ్-లాంగ్స్ టీఈ --ఎంబెడ్-సబ్స్ "లింక్"

ఇది మనుషులు రాసి పెట్టినవాటికి. మెషీన్ తయారుచేసినవి కావాలంటే రైట్-సబ్స్ బదులు --రైట్-ఆటో-సబ్స్, తెలుగు ఆటో సబ్‌టైటిల్స్ చదివితే కొన్నిసార్లు కామెడీగా ఉంటాయి, ఆ ఆశతోనే దింపుకోండి.

రెండు గంటల వీడియోలో రెండు నిమిషాలే కావాలంటే --డౌన్‌లోడ్-సెక్షన్స్ "*10:15-12:15". నక్షత్రం గుర్తు మర్చిపోవద్దు, అది లేకపోతే చాప్టర్ పేరు అనుకుంటుంది. మొదటి సెకన్లలో కట్ సరిగ్గా పడకపోతే --ఫోర్స్-కీఫ్రేమ్స్-ఎట్-కట్స్ కలపండి, మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తుంది కాబట్టి టైమ్ పడుతుంది.

స్టెప్ 8: కాన్ఫిగ్ ఫైల్

ఇవన్నీ ప్రతిసారీ ఎవరు టైప్ చేస్తారు. విండోస్‌లో యాప్‌డేటా లోపల రోమింగ్ ఫోల్డర్‌లో వైటీ-డీఎల్‌పీ అని ఫోల్డర్ చేసి కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైల్ పెట్టండి. లైనక్స్, మ్యాక్‌లో హోమ్ ఫోల్డర్ లోపల డాట్ కాన్ఫిగ్, అందులో వైటీ-డీఎల్‌పీ, అందులో కాన్ఫిగ్ అని ఉత్త పేరు చాలు. లైన్‌కి ఒక ఆప్షన్:

--ఫార్మాట్-సార్ట్ "రెస్:1080"
--అవుట్‌పుట్ "%(టైటిల్).150బీ [%(ఐడీ)ఎస్].%(ఎక్స్‌ట్)ఎస్"
--నో-ప్లేలిస్ట్
--ఎంబెడ్-మెటాడేటా

ఇక్కడ % ఒక్కసారి చాలు, బ్యాచ్ ఫైల్ రూల్ దీనికి లేదు. ఇక రోజూ కొట్టేది టూల్ పేరూ లింకూ, అంతే. ఎప్పుడైనా వేరేగా కావాలంటే కమాండ్‌లో రాసింది కాన్ఫిగ్‌లో దాన్ని దాటేస్తుంది, ప్లేలిస్ట్ కావాల్సినప్పుడు --యస్-ప్లేలిస్ట్ అనండి.

పనిచెయ్యనప్పుడు

నిన్నటిదాకా బాగుంది, ఇవాళ 403 ఎర్రర్, అంటే సర్వర్ ఇవ్వనంటోంది. మొదటి పని అప్‌డేట్, రెండో పని ఏం చేసినా దాని తర్వాతే. గిట్‌హబ్ ఫైల్ అయితే హైఫన్ పెద్ద యూ, వింగెట్, బ్రూ, పిప్‌తో పెట్టుకున్నవాళ్ళు వాటితోనే అప్‌గ్రేడ్ చెయ్యాలి. యూట్యూబ్ ఏదో మారుస్తుంది, డెవలపర్లు సరిచేస్తారు, ఆ సరిచేసింది మీ మెషీన్‌లోకి రావాలి కదా. అప్‌డేట్ చేసినా రాకపోతే --అప్‌డేట్-టు నైట్లీ ట్రై చెయ్యండి, ఫిక్స్‌లు ముందు అందులోకే వస్తాయి, ఇది కూడా గిట్‌హబ్ ఫైల్ వాళ్ళకే.

బాట్ కాదని నిరూపించుకోవడానికి సైన్ ఇన్ అవ్వు అని వస్తే, ముందు వీపీఎన్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపండి, లేదా కొంతసేపు ఆగండి. లాగిన్ ఉంటేనే కనపడే వీడియో అయితే --కుకీస్-ఫ్రమ్-బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ అని పెడితే బ్రౌజర్‌లో ఉన్న లాగిన్ వాడుకుంటుంది. విండోస్‌లో క్రోమ్ పేరు పెట్టి లాభం లేదు, 2024లో వచ్చిన క్రోమ్ 127 నుంచి కుకీస్‌కి (బ్రౌజర్ మీ లాగిన్ గుర్తుపెట్టుకునే ఫైళ్ళు) వేరే రకం తాళం వేస్తున్నారు, బయటి ప్రోగ్రామ్‌లు చదవలేవు. ఇంకో సంగతి, అకౌంట్ కుకీస్‌తో ఎక్కువగా దింపితే ఆ అకౌంట్ బ్లాక్ అయ్యే రిస్క్ ఉందని వైటీ-డీఎల్‌పీ వాళ్ళే హెచ్చరిస్తారు, మీ మెయిల్, ఫోటోలు అన్నీ ఉన్న మెయిన్ అకౌంట్ దీనికి వాడొద్దు. కుకీస్ ఫైల్ అంటే మీ లాగినే, హెల్ప్ అడుగుతూ గ్రూపుల్లో అప్‌లోడ్ చెయ్యకండి.

హెల్ప్ అడగాల్సి వస్తే కమాండ్ చివర హైఫన్ చిన్న వీ పెట్టి మళ్ళీ నడిపి, వచ్చింది మొత్తం కాపీ చేసి పెట్టండి. వెర్షన్ ఎంత, ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉందా, డీనో దొరికిందా, ఏ కాన్ఫిగ్ చదివింది, అన్నీ పై లైన్లలోనే ఉంటాయి, సగం సార్లు ఆ లైన్లు మీరే చదివితే సమాధానం అక్కడే కనిపిస్తుంది.